తొమ్మిది రోజుల మైల

మామ్మగారు పోయిందని వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను ఇడ్లీ తింటున్నాను. "పెద్దగా బాధపడలేదండీ, పూజ చేసుకుని కూర్చుని అలాగే ఒరిగిపోయింది" అంది. "అయ్యో" అన్నాను. అనాలి కాబట్టి అన్నాను. ఫోన్ పెట్టేసి ఇంకో రెండు ఇడ్లీలు పెట్టుకుని, కారప్పొడీ నెయ్యీ రోజుకంటే కాస్త ఎక్కువే వేసుకున్నాను. మావారు నా ముఖం వంక చూసి "ఎవరు?" అన్నారు. "బ్రాడీపేట ఇంటావిడ" అన్నాను. ఆయన తినడం ఆపేశారు. నేను ఆపలేదు.

పాము పగ పన్నెండేళ్ళంటారు. నాది ఎనిమిదో ఏడు నడుస్తోంది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆ మంచి చెప్పేవాళ్ళు భోజనాల రోజున చాలామంది వస్తారు, గారెలు తింటూ చెబుతారు. నాకు తెలిసిన మనిషి గురించి నేను చెబుతాను.

గుంటూరు బ్రాడీపేటలో ఒక సందులో కింద వాటా మాది, పై వాటా ఆవిడది. ఆవిడ మడి మనిషి. మాతో మాట్లాడాలంటే మెట్లు దిగి వచ్చేది కానీ, కింద నుంచి నాలుగో మెట్టు దాటేది కాదు. పొట్టి మనిషి. ఆ మెట్టు మీద నిలబడితే మాత్రం నేను తల ఎత్తి చూడాల్సిందే. ఎదుటివాళ్ళు జవాబు చెప్పబోతే కుడి అరచెయ్యి ఎత్తేది. ఆ చెయ్యి లేచాక మాట పూర్తి చేసినవాణ్ణి నేను చూడలేదు. పాలవాడు, కరెంటు మీటరు చూసేవాడు, మోటారు బాగుచేసే మెకానిక్, అందరూ సగం మాట మింగి వెళ్ళిపోయినవాళ్ళే. ఆ తర్వాత ఆవిడ "పెద్దల మాట చద్దిమూట అన్నారమ్మా" అనేది. ఆ మూట విప్పితే ఎన్నోసార్లు పాచి వాసనే వచ్చింది. అయినా తిన్నాం.

ఆవిడ లెక్కలన్నీ వేళ్ళ కణుపుల మీద. మోటారు ఎన్ని నిమిషాలు తిరగాలి, ఊరగాయ జాడీ ఎన్నో రోజున తిరగకలపాలి, నేను ఏ రోజున తలస్నానం చేయాలి, అన్నీ బొటనవేలితో కణుపులు ముట్టుకుంటూ చెప్పేది. నేను సైన్సు టీచర్ని. రోజూ పొద్దున్నే బస్సెక్కి ప్రత్తిపాడు హైస్కూలుకు వెళ్ళి సాయంత్రం వచ్చేదాన్ని. దండెం మీద బట్టలు చూసి ఆవిడ నా రోజులు కనిపెట్టేది. "ఈ నెల రెండు రోజులు ముందొచ్చిందే అమ్మాయ్, మెట్ల వైపు కుళాయి ముట్టుకోకు" అనేది, పాలవాడు వింటుండగా. ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రత్యుత్పత్తి పాఠం తడబడకుండా చెప్పేదాన్ని, ఇంటికొచ్చి ఆ కుళాయి ముట్టుకునేదాన్ని కాదు. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా చెవులు వేడెక్కుతున్నాయి.

ఇంత మడి మనిషికి కుక్క ఉందంటే నమ్మరు. దాన్ని కుక్క అంటే ఆవిడ ఊరుకునేది కాదు. భర్త సంవత్సరీకం నాడు గుమ్మంలోకి నడిచొచ్చిన పిల్ల కాబట్టి అది సాక్షాత్తూ భైరవుడు. పెరిగి దూడంత అయ్యాడు. ఒంటి నిండా గోధుమరంగు బొచ్చు. పూటపూటా పెరుగన్నం, ఏకాదశికి అటుకులు. సందు చివర బిర్యానీ బండి దగ్గర వాడు రోజూ ఏం తినివచ్చేవాడో నాకు తెలుసు. ఆవిడకు చెప్పలేదు. ఆవిడకు చెప్పని సంగతులు నా దగ్గర చాలానే ఉండేవి.

మాది ఆడపిల్ల. పేరు దూది. మావారు చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లులో పనిచేసేవారు. అక్కడ పత్తి గుట్టలో ఓ తల్లి కుక్క పిల్లల్ని పెట్టి లారీ కింద పడి చచ్చిపోయింది. మిగిలిన ఒక్క పిల్లను మావారు టిఫిన్ క్యారియర్ సంచిలో వేసుకుని బస్సులో తెచ్చారు. చెవుల్లో పత్తి, ముక్కు మీద పత్తి. పెరిగినా పిల్లి కంటే కాస్త పెద్దదయిందంతే. మామ్మగారు నాలుగో మెట్టు మీద నుంచి చూసి "ఆడదా? సరేలే, గేటు దాటనివ్వకు" అంది. భైరవుడికీ దానికీ బాగా స్నేహం. వాడు పడుకుంటే వాడి పొట్ట కింద దూరి అదీ పడుకునేది. వాడు తన పెరుగన్నం సగం వదిలి అది తినేదాకా చూస్తూ నిలబడేవాడు. ఇది వాడి గురించి మంచి మాటే. వాడి మీద నాకు ఎప్పుడూ కోపం లేదు.

దూదికి తొమ్మిది నెలల వయసు వచ్చాక ఓ పొద్దున వరండాలో గచ్చు మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. నేను గుడ్డ తెచ్చేలోపే మెట్ల మీద మామ్మగారు.

"దూరమైందిటే?"

"ఎదకొచ్చిందండీ" అన్నాను.

"ఏదైతేనేం, మైల మైలే. వెనక గదిలో పెట్టు."

దొడ్లో బట్టలుతికే బండ పక్కన ఒక గది ఉంది. కిటికీ లేదు. ఆవిడ అత్తగారి హయాంలో ఆ ఇంటి ఆడవాళ్ళు మూడేసి రోజులు కూర్చున్న గది అది. అందులో దూదికి ఒక గోనెసంచి, ఒక సత్తు గిన్నె. ఎన్ని రోజులంటే ఆవిడ కణుపులు లెక్కపెట్టింది. "మనకు మూడు. అది నోరులేని జీవం, స్నానం తెలీదు, దానికి మూడు మూళ్ళు తొమ్మిది. పదో రోజున పసుపునీళ్ళు పోసి వదిలెయ్" అంది. ఏ శాస్త్రంలో ఉందో నేను అడగలేదు.

"భైరవుణ్ణి కూడా పైన కట్టేస్తే బాగుంటుందేమోనండీ" అన్నాను.

ఆవిడ నిజంగానే నవ్వింది. "మగవాణ్ణి కట్టేస్తారటే! ఎక్కడైనా విన్నావా?"

ఆ సాయంత్రం పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. టీకాలు వేయించేటప్పటి నుంచి దూదిని ఎరిగిన మనిషి. ఆయన విడమరిచి చెప్పాడు. "మేడం, అందరూ చేసే పొరపాటే మీరూ చేయకండి. రక్తం కనిపించినన్ని రోజులు అది మగకుక్కను దగ్గరికి రానివ్వదు. తగ్గిపోయిందని తలుపు తీస్తారు చూడండి, అసలు ప్రమాదం అప్పుడే. ఇరవై ఒక్క రోజులు కళ్ళలో ఒత్తులేసుకుని చూసుకోండి. ఇంత చిన్నదానికి ఇప్పుడే కడుపొస్తే, అదీ అంత పెద్ద కుక్కతో, తట్టుకోలేదు." తర్వాత ఇంకో మాట అన్నాడు. "ఒకే ఇంట్లో రెండూ ఉన్నాయి కాబట్టి చెబుతున్నా, ఆ మగదానికి ఆపరేషన్ చేయించమనండి. అరగంట పని. దీనికి కూడా ఈసారి అయ్యాక చేయిద్దాం. మీకు ఈ బాధే ఉండదు." సరేనండీ అన్నాను. అన్నీ విన్నాను, అన్నీ అర్థమయ్యాయి.

ఆ తొమ్మిది రోజులూ ఇల్లు ఇల్లులా లేదు. ఊళ్ళో మగకుక్కలన్నీ మా గేటు దగ్గరే. మామ్మగారు మా వంటింట్లోంచి ఏడాదికని నేను పట్టించి పెట్టుకున్న కారం డబ్బా తెప్పించి గేటు పొడవునా చల్లించింది. కుక్కలు తుమ్ముకుంటూ ఎదురు గోడ నీడకు పోయి కూర్చున్నాయి. ఆవిడ తెలివిని సందులో అందరూ మెచ్చుకున్నారు. గేటు లోపల ఉన్నవాడి సంగతి ఎవరూ అడగలేదు. భైరవుడు పెరుగన్నం మానేశాడు. వెనక గది గడప మీద గడ్డం ఆనించి పడుకుని సన్నగా ఏడ్చేవాడు. ఆవిడ "బిడ్డకు దిష్టి తగిలిందే" అని ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేయించింది. గుంటూరు మిరపకాయల ఘాటుకు నేనూ, దూదీ, సందంతా దగ్గాం. వాడు అక్కణ్ణించి కదల్లేదు. నేను రోజుకు మూడుసార్లు వాణ్ణి కాలితో అడ్డుకుంటూ గదిలోకి దూరి, దూదిని భుజాన వేసుకుని దొడ్డి మూలకు తీసుకెళ్ళి, అది పోసిన చోట బకెట్టు నీళ్ళు కొట్టి, మళ్ళీ లోపల పెట్టి గడియ వేసేదాన్ని. అది నా మెడలో ముఖం దాచుకునేది. ఏం తప్పు చేసిందో దానికి తెలీదు కదా.

తొమ్మిదో రోజుకు చుక్కలు ఆగాయి. పదో రోజు పొద్దున్న నేను స్కూలుకు తయారయ్యేసరికి నాలుగో మెట్టు మీద మామ్మగారు, ఆవిడ కాళ్ళ దగ్గర పసుపునీళ్ళ చెంబు. "పోసి తలుపు తియ్యవే. నోరులేని దాన్ని ఇంకా మగ్గబెడితే మనకే పాపం." నేను నోరు తెరిచాను. ఆవిడ అరచెయ్యి లేచింది. బస్సుకు టైమవుతోంది. దూది ఒంటి మీద పసుపునీళ్ళు పోశాను, అది దులుపుకుని నా చీర మీద చిందించింది. గడియ తీసి, తలుపు తెరిచి ఉంచి, వెళ్ళిపోయాను.

ఆ రోజు స్కూల్లో ఏం పాఠం చెప్పానో గుర్తులేదు. సాయంత్రం గేటు తీసేసరికి ముంగిట్లో రెండూ ముడిపడి ఉన్నాయి. దూది వెనక కాళ్ళు నేలకు ఆనడం లేదు. అది అరవడం లేదు, వణుకుతోందంతే. పైన వరండాలో మామ్మగారు జపమాల తిప్పుతూ ముఖం అటు తిప్పుకుని కూర్చుంది. నేను పరుగెత్తే లోపే లేచి బకెట్టు నీళ్ళు పై నుంచి వాటి మీద గుమ్మరించింది. రెండూ బెదిరి చెరోవైపు లాక్కున్నాయి. అప్పుడు అరిచింది దూది.

"ఇదేమిటండీ" అన్నాను.

"నన్నంటావేమే? పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నా, నీదే తోక పక్కకు పెట్టుకుని వాడి చుట్టూ తిరిగింది. ఆడది తోక తిప్పకపోతే మగవాడేం చేస్తాడు?"

ఈ మాట ఒక్కటి చాలు. మిగతావన్నీ నేను మర్చిపోయినా, ఈ ఒక్క మాటకు ఆవిడ మీద జన్మంతా పగబట్టొచ్చు. పొద్దుట్నుంచీ చూస్తూనే ఉందట.

రెండు నెలలు. దూది పొట్ట నేలకు రాసుకునేది. ఈనేలోపు గదిలో మెత్తగా పక్క వేద్దామని పాత చీరలు తీస్తుంటే మెట్టు మీద నుంచి వినపడింది. "పురుడు ఇక్కడ వద్దమ్మా. నాకు మడి కుదరదు. ఎక్కడికైనా తీసుకుపో."

"మీ భైరవుడి పిల్లలేనండీ" అన్నాను.

"మా వాడివేనని ఏమిటే రుజువు? గేటు దగ్గర ఎన్ని తిరగలేదు?"

తన కళ్ళతో చూసి, తన చేత్తో నీళ్ళు పోసిన మనిషి అన్న మాట ఇది.

ఎండాకాలం, పొద్దున తొమ్మిదింటికి నొప్పులు మొదలయ్యాయి. పిల్ల తల కనపడి ఆగిపోయింది. ఆటోలో ఒళ్ళో వేసుకుని డాక్టరు దగ్గరికి బయలుదేరాను. రైలు గేటు పడింది. గూడ్సు బండి, ఎంతకీ తెగదు. ఆటో అతను దిగి గేటుమ్యానును బతిమాలాడు. దూది నా వేలు నోట్లో పెట్టుకుని చప్పరించింది, పత్తి గుట్టలోంచి తెచ్చిన రోజున చేసినట్టే. గేటు లేచేసరికి వేలు వదిలేసింది. లోపల మూడు పిల్లలున్నాయని డాక్టరు తర్వాత చెప్పాడు. మూడూ పెద్ద తలకాయలు, గోధుమరంగు. మావారు దాన్ని మిల్లు వెనక చేలో పూడ్చి వచ్చారు. మర్నాడు మామ్మగారు "వాటా అంతా కడిగించు, చావు మైల" అంది. కడిగించాను. అదీ చేశాను నేను.

అప్పటి నుంచి నేను మంచి మనిషిని కాదు. ఆవిడ మోటారు వేయమంటే వేసేదాన్ని, నవ్వేదాన్ని, ఆవకాయకు కారం పట్టించి ఇచ్చేదాన్ని. లోపల మాత్రం పొయ్యి ఆరలేదు. కార్తీకంలో వాళ్ళమ్మాయి వచ్చి ఆవిణ్ణి కాశీకి తీసుకెళ్ళింది. పదిహేను రోజులు. వెళ్తూ మామ్మగారు భైరవుణ్ణి నాకు అప్పగించింది. "నీ చేతి అన్నం వాడికి అలవాటే. ఏకాదశి మర్చిపోకు" అంది. దూది పోయిన ఇంట్లో, దూదిని చంపినవాణ్ణి నాకు అప్పగించి, ఏకాదశి గురించి చెప్పి వెళ్ళింది.

మూడో రోజున వాణ్ణి ఆటో ఎక్కించాను. డాక్టరు "ఓనరు గారు ఒప్పుకున్నారా?" అన్నాడు. "నేనే ఓనర్ని" అని సంతకం పెట్టాను. ఆయన చెప్పినట్టు అరగంటే పట్టింది. తెచ్చి అదే వెనక గదిలో, అదే గోనెసంచి మీద పడుకోబెట్టాను. కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ పట్టా వేశారు. వాడు అది గోడకు కొట్టుకుంటూ నా దగ్గరికి వచ్చి పాదం మీద గడ్డం పెట్టాడు. నాకు సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఉంది కూడా. కాదని అబద్ధం ఎందుకు చెప్పాలి? వాడికి పాలూ గుడ్లూ పెట్టాను, ఏకాదశి నాడు కూడా పెట్టాను. ఆవిడ వచ్చేసరికి కుట్లు మానిపోయాయి.

ఇక ఎప్పుడు కనిపెడుతుందా, ఎప్పుడు గుండెలు బాదుకుంటుందా అని కాచుకుని కూర్చున్నాను. వాడి బొచ్చులో కనపడకపోవడం ఒకటి, ఆవిడ మడి కళ్ళు అటు చూడకపోవడం ఒకటి. నెల తిరిగేసరికి వాడు ఒళ్ళు చేశాడు. గేటు దగ్గర ఏ కుక్క పోయినా పట్టించుకోడు. ఆవిడ దానికి కారణం కనిపెట్టింది. గంగాజలం చల్లిందట, వాడికి వైరాగ్యం వచ్చిందట. వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. "మనుషులకే లేదమ్మా ఈ నిగ్రహం. కాశీ ఫలం." పక్క సందుల వాళ్ళు వచ్చి వాడికి దండం పెట్టుకుని వెళ్ళేవారు. ఒకావిడ మెడలో బంతిపూల దండ కూడా వేసింది. కింద నేను పళ్ళు నూరుకునేదాన్ని. పగవాళ్ళకు తెలియని పగ ఏం పగ? నేను చేసిన పనికి ఆవిడకు పేరొచ్చింది.

జూన్‌లో నాకు చిలకలూరిపేటకు బదిలీ అయింది. సామాను లారీకి ఎక్కించాక, మావారు తాడు బిగిస్తుంటే, నేను మెట్లెక్కాను. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాలుగో మెట్టు దాటి పైకి వెళ్ళలేదు. ఆవిడ వరండాలో కాళ్ళు చాపుకుని చింతపండు పిక్కలు తీస్తోంది. పక్కన భైరవుడు పడుకున్నాడు. నేను కూర్చోలేదు.

"మామ్మగారూ, వీడికి వచ్చింది వైరాగ్యం కాదు. మీరు కాశీలో ఉండగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాను. నేనే చేయించాను. దూదిని చంపినందుకు."

అరుస్తుందనుకున్నాను. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. దానికోసమే కదా నేను మెట్లెక్కింది. ఆవిడ చేతిలో పిక్క పక్కన పెట్టి కళ్ళు చికిలించి నన్ను చూసింది.

"కోడెలకు విత్తులు కొట్టిస్తారు, అలాంటిదా?"

"అలాంటిదే."

"కుక్కలకు కూడా చేస్తారటే?"

"చేస్తారు."

"ఎంతసేపు పడుతుంది?"

"అరగంట."

"అరగంటేనా" అంది. వాడి వీపు మీద చెయ్యి వేసింది. మడిలో ఉండి వాణ్ణి ముట్టుకోవడం నేను చూడటం అదే మొదలు. కింద లారీ హారన్ మోగుతోంది. "పదమూడో ఏట ఈ ఇంటికొచ్చా. ఆ వెనక గదిలో ఎన్ని రోజులు కూర్చున్నానో లెక్క లేదు. మగవాణ్ణి ఆపొచ్చని నాకు ఒక్కళ్ళు చెప్పలేదు" అంది. నాతో అన్నట్టు లేదు.

తర్వాత నా వైపు తిరిగింది. "ఈ ఆపరేషన్ సంగతి నీకెప్పుడు తెలుసు?"

"దూది ఎదకొచ్చిన రోజే. డాక్టరు చెప్పాడు."

"మరి తొమ్మిది రోజులు చాలవనీ, పదో రోజున తలుపు తీయకూడదనీ?"

"అదీ ఆ రోజే చెప్పాడు."

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను గెలిచి దిగేదాన్ని.

"నాకు తెలిసింది నేను చెప్పానే అమ్మాయ్. నీకు తెలిసింది నువ్వెందుకు చెప్పలేదు?"

అద్దె ఇల్లు, పొమ్మంటారని భయమేసిందని చెప్పొచ్చు. పెద్దావిడకు ఎదురు చెప్పలేకపోయానని చెప్పొచ్చు. బస్సుకు టైమయిందని చెప్పొచ్చు. ఏదీ నోటికి రాలేదు. మెట్లు దిగి, లారీలో డ్రైవరు పక్కన కూర్చున్నాను. మావారు "చెప్పేశావా?" అన్నారు, "చెప్పాను" అన్నాను.

భోజనాలకు రమ్మని వాళ్ళమ్మాయి మళ్ళీ ఫోన్ చేస్తుంది. నేను వెళ్ళను. ఆవిణ్ణి నేను క్షమించలేదు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబంటూ ఉంటే, ఎప్పుడో క్షమించేదాన్ని.